మంచు బండి తోలే ఆయన

ప్రభ వస్తోందంటే అందరం పైకే చూస్తాం. కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎనభై, తొంభై అడుగుల ఎత్తున రంగుల బల్బులు పరుగులు పెడుతుంటే కిందకు చూడాలని ఎవరికుంటుంది?

నాకు మాత్రం కిందకు చూడటం అలవాటైంది. కారణం మా అక్క కొడుకు. ఇంటర్ చదివే రోజుల నుంచీ వాడు ఊరి ప్రభకు మోకు పట్టేవాడు. ప్రభ ఒకపక్కకు ఒరిగిందా, రెండోపక్క మోకు పట్టినవాళ్లు బిగబట్టి లాగాలి. చెయ్యి జారితే ఇంకేముంది! అక్క నా మోచెయ్యి పట్టుకుని ‘‘వాడెక్కడ్రా, కనబడుతున్నాడా?’’ అని అడుగుతూనే ఉండేది. వాణ్ణి వెతకడంలో నాకు మిగతావాళ్లూ కనబడ్డారు. జనరేటర్ దగ్గర కూర్చున్నాయన మామూలు రోజుల్లో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. బల్బుల బోర్డు కట్టినాయన పెళ్లిళ్లకు సీరియల్ సెట్లు వేస్తాడు. మోకు పట్టినవాళ్లలో మిరప రైతు ఒకడు, ఆటో తోలేవాడు ఒకడు, డిగ్రీ కుర్రాడు ఒకడు. తెల్లారితే ఎవరి పని వాళ్లది.

2020లో శివరాత్రి ఫిబ్రవరి 21, శుక్రవారం వచ్చింది. ఆ ఏడు మోకు దగ్గర మావాడు లేడు. పై చదువుకని కెనడా వెళ్లి ఆరు నెలలైంది. కొండ నుంచి తెచ్చిన అరిసెలు ఇంకా డబ్బాలో ఉండగానే, ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. వాళ్లకు అప్పుడు శనివారం రాత్రి.

‘‘మామయ్యా, కొండకు పోయొచ్చారా? ప్రభ ఎక్కడా ఒరగలేదు కదా?’’

‘‘లేదురా. నువ్వు లేకపోయినా నిలబడింది.’’

నవ్వి, అసలు సంగతి మొదలుపెట్టాడు. ‘‘ఇక్కడ ఒక విచిత్రం జరిగింది మామయ్యా. మంచు బండి తోలే ఆయన మ్యాచ్ ఆడి గెలిపించాడు!’’

నాకు ముక్క అర్థం కాలేదు. మీకూ అర్థమై ఉండదు కాబట్టి కాస్త చెప్పాలి. ఐస్ హాకీ అంటే మన హాకీయే, కాకపోతే మంచు గచ్చు మీద. జట్టుకు ఆరుగురు చొప్పున కాళ్లకు స్కేట్లు కట్టుకుని, బంతి బదులు నల్లటి రబ్బరు బిళ్లను కర్రలతో కొడతారు. ఆ బిళ్ల గంటకు 150 కిలోమీటర్ల వేగం దాటి కూడా దూసుకొస్తుంది. దానికి అడ్డంగా నిలబడేవాడు గోలీ. అందుకే వాడి ఒంటినిండా దిండ్లలాంటి కవచాలుంటాయి. ఇరవై నిమిషాల చొప్పున మూడు విడతల ఆట. మధ్యలో స్కేట్లు గీరిన మంచును చెక్కి, కడిగి, మళ్లీ అద్దంలా చెయ్యడానికి ఒక బండి వస్తుంది. దాని పేరు జాంబోనీ.

ఆ రాత్రి టొరంటోలో సొంతూరి మేపుల్ లీఫ్స్‌కూ, కరోలినా హరికేన్స్‌కూ మ్యాచ్. కరోలినా గోలీలు ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు దెబ్బ తగిలి బయటికెళ్లారు. అలాంటప్పుడు ఎలా? ఆ లీగ్‌లో ఒక రివాజు ఉంది. మ్యాచ్ జరిగే ఊళ్లో గోల్ కాయడం వచ్చిన బయటి మనిషి ఒకణ్ణి సిద్ధంగా కూర్చోబెడతారు. ఏ జట్టుకు అవసరం పడితే ఆ జట్టుకు ఆడాలి. నూటికి తొంభైతొమ్మిది రోజులు ఆయనకు పనుండదు. ఆట చూసి ఇంటికెళ్లిపోతాడు.

ఆ రోజు కూర్చున్నది డేవిడ్ ఏర్స్. వయసు 42. మంచు బండి తోలి, అప్పటికి నగరంలోనే మరో మైదానం నిర్వహణ చూస్తున్నాడు. 2004లో మూత్రపిండం పాడైతే తల్లి తనది ఇచ్చి బతికించింది. అలాంటి మనిషి కవచాలు తొడుక్కుని మంచు మీదికొచ్చాడు. మొదట వచ్చిన రెండు బిళ్లలూ గోల్లోకే పోయాయి. స్టేడియంలో ఉన్నవాళ్లంతా అయ్యో పాపం అనుకునే ఉంటారు. ఆ తర్వాత వచ్చిన ఎనిమిదింటినీ ఆపాడు. కరోలినా 6-3తో గెలిచింది. ఇందులో తమాషా ఏమిటంటే, తను మామూలు రోజుల్లో ప్రాక్టీసుకు సాయపడే సొంతూరి జట్టునే ఓడించాడు! ఆయన పట్టిన కర్ర తర్వాత హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరింది. ఆ రాత్రికి ఆయనకు ముట్టింది 500 డాలర్లు, వేసుకున్న జెర్సీ అని పత్రికలు రాశాయి.

‘‘ఇంత వివరంగా ఎక్కడ చూశావురా?’’ అన్నాను. కాస్త ఆగాడు.

‘‘కాఫీ షాపులో మామయ్యా. అక్కడ పని చేస్తున్నాను. కప్పులు కడిగేది, కౌంటర్ చూసేది. అమ్మకు చెప్పొద్దు.’’

అక్కకు ఈ సంగతి తెలియదు. కొడుకు యూనివర్సిటీ లైబ్రరీలో ఏదో పని చేస్తున్నాడని ఊరంతా చెప్పుకుంది. ఎకరం తాకట్టు పెట్టి పంపింది మరి. కప్పులు కడుగుతున్నాడంటే ఏమైపోతుందో!

వాడు చెప్పిన షాపు పేరు టిమ్ హార్టన్స్. కెనడాలో మన పిల్లలున్న ఇళ్లల్లో ఈ పేరు వినని వాళ్లుండరు. ఢిల్లీలోనూ 2022లో తెరిచారు. కానీ టిమ్ హార్టన్ అనే మనిషి ఐస్ హాకీ ఆటగాడని ఎంతమందికి తెలుసు? ఆయన ఆడిన అదే మేపుల్ లీఫ్స్ నాలుగుసార్లు స్టాన్లీ కప్పు గెలిచింది. ఆ రోజుల్లో ఆటలో డబ్బు ఇప్పటిలా ఉండేది కాదు. ఆట లేని వేసవి నెలల్లో ఆటగాళ్లు వేరే పనులకు పోయేవారు. హార్టన్ కూడా ఇసుక, కంకర వ్యాపారంలో చేశాడు, కార్లు అమ్మాడు. చివరికి 1964లో హామిల్టన్ ఊళ్లో కాఫీ, డోనట్ల కొట్టు పెట్టాడు. ఆయనతో కలిసినవాడు రాన్ జాయిస్, అంతకుముందు ఆ ఊళ్లోనే పోలీసు కానిస్టేబుల్. 1974 ఫిబ్రవరి 21న మ్యాచ్ ఆడి తిరిగి వెళుతూ కారు ప్రమాదంలో హార్టన్ పోయాడు. 44 ఏళ్లకూ ఆడుతూనే ఉన్నాడు! ఆ తర్వాత ఆయన భార్య వాటాను పది లక్షల డాలర్లకు జాయిస్ కొన్నాడు. ఆ కొట్టు ఎంత పెరిగిందో తెలిశాక ఆ బేరం చూస్తే ఆవిడ మీద జాలేస్తుంది.

ఆ రోజు నుంచి నాకు ఈ ఆట పిచ్చి పట్టుకుంది. మంచు మీద కాదు లెండి, చుట్టూ ఉన్న మనుషుల మీద. 2018 మార్చి 29న షికాగో జట్టుకు ఇలాగే గోలీ కరువైతే స్కాట్ ఫాస్టర్ అనే 36 ఏళ్ల అకౌంటెంట్ దిగి, 14 నిమిషాల్లో వచ్చిన ఏడు బిళ్లల్నీ ఆపాడు. కరోలినా జట్టుకే సామాను చూసుకునే హోర్హే ఆల్వెస్ అనే మాజీ సైనికుడు ఉన్నాడు. 2016 డిసెంబర్ 31న ఆయన ఆడింది ఎంతసేపనుకున్నారు? 7.6 సెకన్లు! బిళ్ల ఆయన దాకా రానేలేదు.

కెన్ డ్రైడెన్‌ది ఇంకో దారి. మాంట్రియల్ గోలీగా ఆరు స్టాన్లీ కప్పులు చూశాడు. జీతం దగ్గర పేచీ వచ్చి 1973-74 సీజన్ మొత్తం ఆట మానేసి, టొరంటోలో లా ఆఫీసులో పని నేర్చుకున్నాడు. లాయరయ్యాడు, పుస్తకాలు రాశాడు, 2004లో కేంద్ర మంత్రయ్యాడు. 2025 సెప్టెంబర్‌లో కన్నుమూశాడు.

మన దేశం వాసన తగిలే కథ హర్నారాయణ్ సింగ్‌ది. కాల్గరీలో టీచరుగా చేస్తూ, 2008లో మొదలైన పంజాబీ హాకీ వ్యాఖ్యానం కోసం వారం వారం విమానంలో టొరంటో వెళ్లొచ్చేవాడు. మొదట్లో టికెట్ డబ్బులు కూడా తనవే. తర్వాత ఇంగ్లీషు వ్యాఖ్యానానికీ పిలిచారు. (తెలుగులో ఎవరైనా మొదలుపెడితే మన ఎడ్ల పందేల మైకు అనౌన్సర్లను తీసుకోమని నా సిఫార్సు. ఊపిరి తీసుకోకుండా చెప్పడంలో వాళ్లకు సాటి లేరు.)

ఆ బండి కథా చెప్పాలి. ఫ్రాంక్ జాంబోనీ కాలిఫోర్నియాలో మంచు దిమ్మెలు అమ్ముకునేవాడు. ఇళ్లల్లోకి ఫ్రిజ్‌లు రావడంతో ఆ వ్యాపారం కూలింది. ఏం చేశాడు? 1940లో సొంతంగా స్కేటింగ్ మైదానం కట్టాడు. మంచు సాపు చెయ్యడానికి ముగ్గురు మనుషులకు గంట పైనే పట్టేది. కొన్నేళ్లు కుస్తీ పట్టి 1949లో ఒక్క మనిషి నిమిషాల్లో చేసే బండి తయారుచేశాడు.

ఒక విషయం మాత్రం మింగుడు పడలేదు. 2025లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందంతో, 2026-27 సీజన్ నుంచి అత్యవసర గోలీని ప్రతి జట్టూ ఉద్యోగిగా పెట్టుకుని వెంట తిప్పుకుంటుందట. జట్లకు మంచిదే, కాదనను. కానీ ఊళ్లో అకౌంటెంట్‌కూ, మైదానం చూసుకునే ఆయనకూ ఇక పిలుపు రాదు కదా!

అక్కకు ఎప్పుడు చెప్పానంటారా? కరోనా వచ్చి, వాడికి చదువైనా ఉద్యోగం రాక, పిల్లలు ఆడుకునే ఒక మంచు మైదానంలో స్కేట్లకు పదును పెట్టే పనిలో చేరాక. ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. హార్టన్ సంగతీ, కానిస్టేబుల్ సంగతీ, తల్లి మూత్రపిండం ఇచ్చిన సంగతీ. అక్క చాలాసేపు మాట్లాడలేదు. ‘‘కప్పులు కడిగితే కడిగాడు. నాతో అబద్ధం ఎందుకు ఆడాలి?’’ అంది. వారం రోజులు వాడి ఫోన్ ఎత్తలేదు.

ఇప్పుడు వాడికి కంప్యూటర్ ఉద్యోగం ఉంది. ఎకరం విడిపించాడు. అయినా చలికాలం శనివారాలు ఆ మైదానానికి వెళతాడు. బండి తోలడం నేర్చుకున్నాడు. ఒకరోజు వీడియో కాల్‌లో చూపించాడు. అంత పెద్ద బండి మీద వాడు, వెనక తడి తడిగా మెరుస్తున్న మంచు. చుట్లు చుట్లుగా తిరుగుతున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అక్క ఫోన్ దగ్గరగా పెట్టుకుని, కళ్లు చికిలించి, ‘‘ఒరేయ్, ఆ ఎడమచేతి మూల సాలు తప్పింది చూడు. మళ్లీ తిప్పు’’ అంది.