స్మారకంతో పాటు సముద్రమూ కనిపించాలి

సంపాదకులకు,

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో 1996లో వెలసిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం 1971 యుద్ధంలో భారత నౌకాదళం సాధించిన విజయానికి గుర్తు. ఏటా డిసెంబర్ 4న నౌకాదళ దినోత్సవం దగ్గరపడగానే దానిని రాత్రివేళ రంగు దీపాల వెలుగులో ఫొటో తీయడం పరిపాటి అయింది. కంటికి ఇంపుగానే ఉన్నా ఆ చిత్రాలు స్మారకానికి న్యాయం చేయవు. చీకటిలో సముద్రం కనుమరుగవుతుంది, సముద్రం లేనిదే ఆ కట్టడానికి అర్థం లేదు.

1971 డిసెంబర్ 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి చేరువలోనే మునిగిపోయింది. ఎలా మునిగిందన్న విషయంలో రెండు దేశాల కథనాలు వేరైనా, అందులోని తొంభై మందికి పైగా నావికులలో ఒక్కరూ బతకలేదన్నది నిర్వివాదం. అంటే ఆ స్మారకం ఎదుటి నీరు రణరంగమే కాదు, సమాధి కూడా. శత్రువుల మృతిని తలచుకోవడం విజయాన్ని చిన్నబుచ్చడమేనని కొందరు అనవచ్చు గాని, ప్రత్యర్థి ప్రాణాలకు విలువ ఇవ్వని గెలుపును స్మరించడానికి స్మారకం దేనికి, ఒక బోర్డు చాలదా?

వెలుగు సంగతికి వస్తే, డిసెంబరులో అక్కడ సూర్యుడు ఆగ్నేయ దిక్కున సముద్రంలోంచి ఉదయిస్తాడు. రోడ్డు మీద నిలబడి సముద్రం వైపు తీస్తే కెమెరా ఆకాశపు వెలుగునే లెక్కలోకి తీసుకుని కట్టడాన్ని నల్లటి నీడగా మార్చేస్తుంది. ఇసుకలో నిలబడి నగరం వైపు తీస్తే వెలుగు బాగానే పడుతుంది కాని వెనుక భవనాలు చొరబడతాయి. తీరం వెంబడి ఈశాన్యం వైపు చూస్తూ తీస్తే మాత్రం ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడి (దీనినే ఫొటోగ్రాఫర్లు సైడ్ లైట్ అంటారు) కట్టడపు అంచులూ ఎత్తుపల్లాలూ స్పష్టమవుతాయి, సముద్రమూ కుడివైపున చిత్రంలో నిలుస్తుంది. సూర్యోదయం తరువాత అరగంటలోపు ఈ పని ముగించాలి, ఎండ పైకెక్కితే ఆ మెత్తదనం ఉండదు. ఆ వేళ సెల్ఫీల రద్దీ కూడా తక్కువే.

ఈ డిసెంబర్ 4న పత్రికలు దీపాల ఫొటోకు బదులు ఉదయపు ఫొటో వేసి, దాని కింద ఘాజీ పేరు కూడా రాయాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం