వైద్యం రిపోర్టుకా, మనిషికా?
మెడ ఎమ్మారై రిపోర్టులో ‘లార్డోసిస్ తగ్గింది’, ‘సీ5-సీ6 డిస్క్ బల్జ్’ అని కనబడగానే మనకు సగం ప్రాణం పోతుంది. నిజానికి కండరాలు బిగుసుకున్నా, స్కాన్‌లో పడుకున్న తీరును బట్టీ మెడ సహజ వంపు (లార్డోసిస్) తిన్నగా కనిపించవచ్చు. జపాన్‌లో ఏ లక్షణాలూ లేని 1,211 మందికి స్కాన్ తీస్తే 87.6 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపించిందని 2015లో వెలువడిన అధ్యయనం చెప్పింది. చాలామందికి ఈ ఉబ్బు వయసుతో జుట్టు నెరవడంలాంటిదే. అలాగని రిపోర్టును బీరువాలో పడేయమని కాదు. చేతిలో పట్టు తప్పినా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా, నడక తూలినా, మూత్రంపై అదుపు పోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. అవేవీ లేనప్పుడు మాత్రం ఫిల్ము చూసి కాలర్ కొనేయకండి; ఒంటిని పరీక్షించి, రిపోర్టుతో సరిచూసి చెప్పే డాక్టరు మాటే వినండి.