కారు గడప ఎత్తు

చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి అశోక్ నగర్‌లోని ఆపా ఇంటికి కారులో పది నిమిషాలు కూడా పట్టదు. గడచిన రంజాన్ తరువాత అమ్మీ ఆ కొద్దిపాటి ప్రయాణాన్ని కూడా మానుకున్నారు. “మీరంతా వెళ్ళి రండి బేటా, నాకు ఓపిక లేదు” అనేవారు. వయసు డెబ్బై నాలుగు, రెండు మోకాళ్ళూ అరిగాయి కనుక మేమూ ఆ మాటనే నమ్మాము. నారాయణగూడలో ఫిజియోథెరపీకి మాత్రం ఆటోలోనే వెళ్తానని ఆమె పట్టుబట్టిన రోజున గాని నాకు అసలు సంగతి బోధపడలేదు. ఆటోలో అడుగు పెట్టే చోటు కిందికి ఉంటుంది, చేతికి కడ్డీ అందుతుంది. అమ్మీకి బరువైనది ప్రయాణం కాదు, మా కారు ఎక్కడం. అంతకంటే బరువైనది, వీధిలో నలుగురూ చూస్తుండగా కొడుకు నడుము పట్టి పైకి లేపడం.

మాది నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న ఎస్‌యూవీ. ఈ తరగతి కార్లు మన వీధుల్లో ఇంతగా పెరగడానికి ఒక కారణం పన్ను. పొడవు నాలుగు మీటర్లు మించని చిన్న కార్లకు 2006 కేంద్ర బడ్జెట్‌లో ఎక్సైజ్ సుంకం తగ్గింది. పొడవుకు హద్దు ఏర్పడింది గాని ఎత్తుకు లేదు. గుంతల రోడ్లకు, వాన నీటికి ఎత్తైన బండి మేలని మనమూ కొన్నాము. ఇంట్లో ఎవరు ఎక్కాలి, ఎవరు దిగాలి అన్న ప్రశ్న షోరూంలో నాకు తట్టలేదు. ఆ రోజు అమ్మీని వెంట తీసుకువెళ్ళి ఒక్కసారి సీటులో కూర్చోబెట్టి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

సంగతి తెలియగానే అందరూ చేసే పనే నేనూ చేశాను. డెకార్ షాపుకు వెళ్ళి రెండు పక్కలా సైడ్ స్టెప్పులు బిగించమన్నాను. ఇది కొత్త వస్తువేమీ కాదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారుకు ముందు మడ్‌గార్డు నుంచి వెనుక మడ్‌గార్డు దాకా పొడవాటి పాదపలక ఉండేది. కారు శరీరం వెడల్పై నేలకు దగ్గరైన కొద్దీ ఆ పలక అవసరం తీరిపోయింది. 1930ల చివరికి చాలా కార్లలో అది కనుమరుగైంది. ఇప్పుడు కార్లు మళ్ళీ ఎత్తు పెరిగాయి, పలక కూడా తిరిగి వచ్చింది.

బిగించిన వారానికే వాన పడింది. అమ్మీ కుడి పాదం పలక మీద మోపి పైకి లేవబోయారు. బురఖా అంచు పలక కొసకు తగులుకుంది, చెప్పు జారింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి పడిపోలేదు, అల్‌హమ్దులిల్లాహ్. కానీ ఆ తరువాత నెల రోజులు ఆమె కారు వైపే చూడలేదు.

అప్పుడు గాని నేను టేపు పట్టుకుని కారు దగ్గర కూర్చోలేదు. ముందే చేయవలసిన పని అది. నేల నుంచి కారు గడప 42 సెంటీమీటర్లు, సీటు అంచు 68. కొత్తగా బిగించిన పలక 33 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. అంటే అమ్మీ మొదట 33 ఎక్కాలి, ఆ తరువాత 9 మాత్రమే. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంటి మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించరాదు. ఆ మెట్లనే గోడ పట్టుకుని ఎక్కే మనిషికి 33 సెంటీమీటర్ల మెట్టు ఇచ్చి, ఎక్కడం సులభం చేశానని సంబరపడ్డాను! చిన్న ఎస్‌యూవీలో చిక్కు ఇక్కడే ఉంది. పలకను గడప కిందనే బిగించాలి. మరీ కిందికి దించితే స్పీడ్ బ్రేకర్లకు తగులుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం స్పీడ్ బ్రేకర్ ఎత్తును 10 సెంటీమీటర్లని చెబుతున్నా, మన గల్లీలలో కాలనీవాసులు పోసుకున్న దిబ్బలు ఆ పుస్తకం చదివి పోసినవి కావు. బొలెరో, స్కార్పియో వంటి పెద్ద బండ్ల సంగతి వేరు. వాటి గడప బాగా ఎత్తు కనుక మధ్యలో పలకకు చోటుంటుంది, కింద విడి ఛాసిస్ ఉంటుంది కనుక గట్టి ఆధారమూ దొరుకుతుంది. చిన్న ఎస్‌యూవీలకు సాధారణంగా ఆ విడి ఛాసిస్ ఉండదు, పలకను కారు అడుగు భాగానికే బిగించాలి. కంపెనీ ఇచ్చిన రంధ్రాలు లేని చోట కొత్తగా రంధ్రం చేస్తే తుప్పుకు దారి ఇచ్చినట్లే. జాకీ పెట్టే చోటు మూసుకుపోతుందేమో కూడా చూసుకోవాలి. కొన్ని పలకలు అలంకారానికే తప్ప మనిషి బరువుకు చేసినవి కావు. ఎన్ని కిలోలు మోస్తుందని దుకాణంలో అడిగితే సూటి జవాబు రాకపోతే, ఆ పలకను పెద్దల కోసం కొనకండి.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మాకు మరో దారి చూపింది. కారులోకి ఎక్కకూడదట, కారులో కూర్చోవాలట. ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, వీపు భాగాన్ని కొంచెం వాల్చాలి. మనిషి సీటుకు వీపు తిప్పి నిలబడి, కాళ్ళ వెనుక సీటు అంచు తగిలాక, తల కాచుకుంటూ మెల్లగా కూర్చోవాలి. ఆ తరువాత రెండు కాళ్ళనూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. సీటు మీద నునుపైన గుడ్డ పరిస్తే తిరగడం తేలిక. ఊగే తలుపును మాత్రం ఆసరాగా పట్టుకోకూడదు.

అయిదడుగులైనా లేని అమ్మీకి 68 సెంటీమీటర్ల సీటు నేల మీద నుంచి అందదు. అందుకు ఒక వెడల్పాటి చెక్కపీట చేయించాము. ఎత్తు 20 సెంటీమీటర్లు, అడుగున రబ్బరు, రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి నిదానంగా తిరగగలిగినంత చోటు. పీట మీద నిలబడితే సీటు ఆమెకు 48 సెంటీమీటర్లే, అంటే మామూలు కుర్చీ కంటే కొంచెమే ఎక్కువ. పీట ఎక్కేటప్పుడు నొప్పి తక్కువగా ఉన్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఎక్కువగా ఉన్న కాలు ముందు. ఆమె చేయి నా భుజం మీద ఉంటుంది. నా చేయి ఆమె నడుము మీద ఉండదు. ఈ తేడా అమ్మీకి ఎంత పెద్దదో ఆమె ముఖం చూశాక తెలిసింది.

దైవప్రవక్త (స) ఖైబర్ నుంచి మదీనాకు తిరిగి వస్తున్నప్పటి సంగతి ఒకటి బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. హజ్రత్ సఫియ్యా (రజి) ఒంటె ఎక్కడానికి ఆయన ఒంటె పక్కన కూర్చుని తన మోకాలిని ఆనిచ్చారు. ఆమె ఆ మోకాలి మీద పాదం మోపి ఎక్కారు. చిన్ననాటి నుంచీ విన్న సంగతే. ఆయన ఆమెను ఎత్తి కూర్చోబెట్టలేదని, ఆమె తానుగా ఎక్కేందుకు ఎత్తు ఇచ్చారని మాత్రం పీట పట్టుకుని కూర్చున్న రోజునే నేను గమనించాను.

కారు ఆపే చోటు కూడా సగం పని చేస్తుంది. మన దేశంలో ముందు ప్రయాణికుని తలుపు ఎడమ వైపు, ఫుట్‌పాత్ పక్కనే ఉంటుంది. ప్రమాణం ప్రకారం ఫుట్‌పాత్ అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించరాదు. అటువంటి అంచు దొరికిన చోట, తలుపు తెరుచుకునేంత ఎడం ఇచ్చి కారు ఆపితే ఆ అంచే పీట అవుతుంది. నారాయణగూడలో ఒకటి రెండు చోట్ల మాకు దొరికింది. అశోక్ నగర్‌లో మాత్రం కష్టం. కోచింగ్ విద్యార్థుల బైకులు, టిఫిన్ బండ్లు, వెనుక నుంచి ఆగని హారన్లు. ఆ హారన్లకే పెద్దవాళ్ళు కంగారుపడి కాలు తప్పుతారు. నేనిప్పుడు పార్కింగ్ లైట్లు నాలుగూ వేసి, దిగి వెనుకకు వెళ్ళి, చేయెత్తి నిలబడతాను. మా అబ్బాయి పీట చూసుకుంటాడు. తిట్టేవారు తిడతారు, ఒక నిమిషమే కదా.

ఇక సైడ్ స్టెప్పుల సంగతి. ఎడమ పక్క పలక బయటికి పొడుచుకు వచ్చి పీటను సీటుకు దూరం చేస్తోంది, కూర్చునేటప్పుడు పిక్కలకు తగులుతోంది. కనుక దాన్ని తీసేయించాను. కుడి పక్కది మా అబ్బాయి కారు పైభాగం తుడవడానికి పనికొస్తుందని ఉంచమన్నాడు. ఒక పక్క పలక ఉండి మరో పక్క లేని కారు మా గల్లీలో మాదొక్కటే. మొన్న శుక్రవారం ఆపా ఇంటి ముందు పక్కింటి పెద్దాయన చూసి, రెండో పలక ఎక్కడ పడిపోయిందని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అమ్మీ పీట మీదకు దిగుతూ, “పడలేదు భాయ్, నేనే తీయించాను” అన్నారు.