బోదకాలు, పసరు మందు, అమావాస్య లెక్క

రక్తనాళాల నుంచి కణజాలంలోకి ఊరే ద్రవంలో కొంత భాగం నేరుగా రక్తంలోకి తిరిగి పోదు; అది శోషరసం అనే పేరుతో సన్నని నాళాల్లో చేరి, గజ్జల్లోనూ చంకల్లోనూ మెడలోనూ ఉండే శోషరస గ్రంథుల్లో వడపోతకు లోనై, చివరకు మెడ అడుగున ఉన్న పెద్ద సిరల్లో కలుస్తుంది. దీన్ని నడపడానికి గుండె వంటి అవయవం ఏదీ మనిషి శరీరంలో లేదు. నాళాల ముడుపు, కండరాల కదలిక, ఊపిరి కలిసి దాన్ని ముందుకు నెడతాయి. కాబట్టి ఫలానా మూలిక శోషరసాన్ని శుద్ధి చేస్తుందని ఎవరైనా అన్నప్పుడు, ఈ దారిలో అది ఏ చోట ఏ పని చేస్తుందని అడగడం న్యాయం. తెలుగువారికి ఈ ప్రశ్న బోదకాలు రూపంలో తరతరాలుగా ఎదురవుతూనే ఉంది. శోషరస నాళాల్లో కాపురముండే, దారపు పోగు వంటి ఫైలేరియా పురుగు ఆ నాళాలను సాగదీసి వాటి కవాటాలను పాడుచేయడం వల్ల, దిగవలసిన ద్రవం దిగక కాలు వాస్తుంది. ఆ పురుగును ఒకరి నుంచి ఒకరికి చేరవేసేది క్యూలెక్స్ దోమ.

సంస్కృత వైద్యగ్రంథాలు ఈ వ్యాధిని శ్లీపదం అన్నాయి. పాత నీరు నిలవ ఉండి, అన్ని ఋతువుల్లోనూ చల్లగా ఉండే ప్రాంతాల్లో ఇది ఎక్కువని సుశ్రుత సంహిత చెప్పింది. ఆ గమనిక గౌరవించదగినది, ఎందుకంటే ఈ దోమ పెరిగేది నిలవ మురుగులోనే. కాని నీటికీ కాలికీ మధ్య లంకె కఫదోషమని తేల్చుకోవడంతో వెతుకులాట అక్కడితో ఆగిపోయింది. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలో పురుగు పిల్లలను చూసి, 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ అవి దోమ ఒంట్లో ఎదగడాన్ని కనిపెట్టేవరకూ, ఆ మంచి గమనిక చికిత్సకు అక్కరకు రాలేదు. ఉమ్మెత్త, ఆముదం, వావిలి, గలిజేరు, మునగ, ఆవాలు కలిపి నూరిన లేపం మాత్రం ఒక గ్రంథం నుంచి మరో గ్రంథానికి, అక్కడి నుంచి పల్లె వైద్యానికి చేరుతూ వచ్చింది.

ఆ లేపం పనిచేసిందని జనం నమ్మడం మూఢత్వం కాదు. వారు కళ్లారా చూసినదే నమ్మారు. బోదజ్వరం వచ్చినప్పుడు గజ్జల్లో బిళ్ల కట్టి, కాలు ఎర్రబడి మంటపుట్టి, చలి వణుకుతో జ్వరం కాసి, చాలామందిలో వారం లోపు తనంత తానే దిగిపోతుంది. మూడో రోజున కట్టిన పసరుకు అయిదో రోజున ఫలితం కనిపిస్తుంది, పసరు కట్టకపోయినా అదే కనిపించేదని తెలుసుకునే అవకాశం ఆ ఇంటికి ఉండదు. జ్వరం అమావాస్యకో పౌర్ణమికో వస్తుందన్న నమ్మకమూ ఇలాంటిదే. ఆ రెండు తిథులకూ ముందొక రోజు, వెనకొక రోజు కలుపుకోవడం వాడుక కనుక, ఒక్కొక్క తిథి చుట్టూ మూడు రోజులు లెక్కకు వస్తాయి. జ్వరం అయిదు రోజులు ఉంటుందనుకుంటే, ఏడు వేర్వేరు రోజుల్లో ఏ రోజు మొదలైనా అది ఆ మూడింటిలో ఒకదాన్ని తాకి తీరుతుంది. రెండు తిథులకూ కలిపి అలాంటి రోజులు పద్నాలుగు. చాంద్రమాసానికి దాదాపు ముప్పై రోజులు. అంటే చంద్రుడికి ఏ సంబంధమూ లేకపోయినా, సగానికి కాస్త తక్కువ జ్వరాలు ఈ లెక్కలో పడతాయి. పడినవి గుర్తుంటాయి, మిగిలిన సగం ఎవరి జ్ఞాపకంలోనూ నిలవదు.

నమ్మకానికి కాపలాగా మరికొన్ని నియమాలు ఏర్పడ్డాయి. మందు పేరు బయటికి చెబితే గుణం పోతుందంటారు గనుక దాన్ని ఎవరూ పరీక్షించలేరు. గుణం కనిపించకపోతే పథ్యం తప్పారని, వంకాయో గోంగూరో తిన్నారని రోగినే తప్పుపడతారు. ఓడిపోయే వీలు లేని మందుకు గెలుపు కూడా ఉండదన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం.

నష్టం ఇంతటితో ఆగితే సహించవచ్చు. కాని శ్లీపద లేపాల్లో చెప్పిన చిత్రమూలం వంటి ఘాటు వేళ్లు చర్మాన్ని పొక్కిస్తాయి. బోదకాలులో పదేపదే వచ్చే జ్వరాల్లో ఎక్కువ భాగం, పగుళ్ల గుండా, వేళ్ల సందుల ఒరుపుల గుండా లోపలికి పోయే బాక్టీరియా వల్ల వచ్చేవే. పొక్కిన చర్మం వాటికి తెరిచిన తలుపు. ప్రతి జ్వరమూ నాళాలను మరికొంత దెబ్బతీస్తుంది కనుక, ఉపశమనం కోసం పూసిన మందే కాలు పెరగడానికి తోడ్పడుతుంది.

హేతువాదం మొక్కను కాదనదు, పరీక్ష లేని మాటను మాత్రమే కాదంటుంది. శ్లీపదానికి వాడిన బర్రెంక చెట్టు బెరడును లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ పరీక్షించినప్పుడు, అందులోని గ్లైకోసైడ్లు ఫైలేరియా పురుగులపై పనిచేశాయి; అయితే అవి గుండెపై ప్రభావం చూపే జాతి రసాయనాలు, మోతాదు తెలియని కషాయంలో వాటిని తాగడం ప్రమాదం. మెలిలోటస్ మొక్కలో ఉండే కౌమరిన్ వాపును తగ్గిస్తుందని 1993లో ఒక పరీక్ష చెప్పింది; రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత చేయి వాచిన 140 మంది స్త్రీలపై జరిపి 1999లో ప్రచురించిన మరో పరీక్షలో దానికీ ఉత్తుత్తి మాత్రకూ తేడా కనబడలేదు, పైగా కొందరిలో కాలేయం దెబ్బతిన్న సూచనలు వచ్చాయి. మొదటి ఫలితాన్ని రెండోది సవరించగలగడమే ఈ పద్ధతి బలం.

ఫైలేరియాకు నేడు అనేక దేశాల్లో వాడే డి.ఇ.సి. మందు 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో రూపొందింది. గోదావరి డెల్టా ఎరిగిన జబ్బుకు ఆ నేల బిడ్డ చేతి మీదుగా మందు రావడం తెలుగువారు గర్వించవలసిన సంగతి. అయినా ఏడాదికొకసారి ఇంటింటికీ వచ్చి ఇచ్చే ఆ మాత్రను, తమకు జబ్బు లేదన్న ధీమాతో పక్కన పడేసేవారు ఉన్నారు, రక్తంలో పురుగు పిల్లలు ఉన్నా ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చునని తెలియక.

ఆ మాత్ర కూడా పెరిగిపోయిన కాలును మామూలు కాలుగా మార్చలేదని దాచకుండా చెప్పాలి. వైద్యం చేతులెత్తేసిన ఆ చోటులోకే పసరు మందు ప్రవేశిస్తుంది. అక్కడ నిజంగా మేలుచేసేవి రోజూ సబ్బుతో కాలు కడగడం, వేళ్ల సందులు తడి లేకుండా మెత్తగా అద్దడం, పగుళ్లకు మందు రాయడం, కాలు ఎత్తుగా పెట్టుకోవడం, కరుకులేని చెప్పులు వేసుకోవడం. కాలు బాగా పెరిగినవారికి తమ వేళ్ల సందులు తమకు అందవు, ఇంట్లో మరొకరు కూర్చుని కడగాలి. ముట్టుకుంటే బోద అంటుకుంటుందన్న భయం ఉన్న ఇళ్లలో ఆ చేయి కూడా వారికి దొరకదు.