నీట మునిగిన పొలం ఎవరిది?

2023 జూలైలో యమున ఢిల్లీ వద్ద 208.66 మీటర్లకు చేరి 1978 నాటి రికార్డును చెరిపివేసింది. దిగువన ఫరీదాబాద్ జిల్లా తీరగ్రామాల్లో పొలాలు మునిగాయి. వాతావరణ మార్పుతో ఇటువంటి అతివృష్టి పెరుగుతుందని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తూనే ఉన్నారు. పంటనష్టం నమోదుకు హర్యానా ప్రభుత్వం ‘ఇ-క్షతిపూర్తి’ పోర్టల్ తెరిచింది. అక్కడ లెక్క ఎకరాలది. కలుపు తీసి, మేత మోసి, పాలు పితికే మహిళ కోల్పోయిన కూలి, పశుగ్రాసం ఆ లెక్కలో ఇమడవు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో మహిళల చేతిలో ఉన్న కమతాలు దాదాపు 14 శాతమే. ఇది వాతావరణం చేసిన పని కాదు, రాజకీయం చేసినది. 1979లో హర్యానా శాసనసభ కుమార్తెల వారసత్వ హక్కును పక్కకు నెట్టే బిల్లును ఆమోదించింది. రాష్ట్రపతి సమ్మతి లభించక అది ఆగింది. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం అందుకు పూర్తి విరుద్ధంగా, హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో అవివాహిత కుమార్తెలకు సమాన వాటా కల్పించింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. తెలుగువారు గర్వించదగిన చట్టమే. అయితే ‘కట్నం ఇచ్చాం కదా’ అన్న ఒక్క మాటతో ఆ వాటా ఎన్ని ఇళ్లలో ఆవిరి కాలేదు! 2018లో తెలంగాణ తెచ్చిన రైతుబంధు సైతం పట్టాదారుకే అందింది. కౌలుకు చేసే ఒంటరి మహిళకు మొండిచెయ్యే మిగిలింది.

పరిహారం పట్టాను కాక సాగును అనుసరించాలి. కోల్పోయిన పనిదినాలనూ నష్టంగా లెక్కించాలి. ముందుగా, నష్టం రాసుకోవడానికి గట్టు మీదికి వచ్చిన పట్వారీ, ఎదురుగా ఉన్న మహిళను వదిలి ఇంటి మగవారిని పిలవమనడం మానాలి.