మందుతోపాటు మనసు పెట్టే వైద్యుడు

జ్వరం వస్తే వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళతాం. మూడు రోజులు మాత్రలు మింగుతాం. తగ్గిపోతుంది. ఆ డాక్టరు ప్రేమగా పలకరించాడా, విసుక్కున్నాడా అన్న సంగతి వారం తిరిగేసరికి మరచిపోతాం. మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం, కీళ్లవాతం, మూత్రపిండాల జబ్బు విషయం వేరు. ఇవి ఒకసారి గడప తొక్కితే ఇంటి మనిషిలా ఉండిపోతాయి. వీటితో పాతికేళ్లు, ముప్పై ఏళ్లు కాపురం చేయాలి. అటువంటప్పుడు వైద్యుడు కూడా ఆ కాపురంలో ఒక భాగమవుతాడు. కూతురికి సంబంధం చూసేటప్పుడు పదిమందిని విచారించే మనం, జీవితాంతం మన శరీరాన్ని అప్పగించే వైద్యుణ్ణి ఎంచుకోవడానికి ఒక్కరినైనా విచారిస్తున్నామా?

ఈ ప్రశ్న ఏ కొద్దిమందికో సంబంధించింది కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా జరిపించిన అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం మనదేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో జీవిస్తున్నారు. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. మన మస్జిదులో ఏ సఫ్‌లో నిలబడినా అటూ ఇటూ ఈ వ్యాధి ఉన్నవారే కనిపిస్తారు.

వైద్యం తవక్కుల్‌కు విరుద్ధమా?

‘అంతా తఖ్దీర్, అల్లాహ్ రాసినట్టు జరుగుతుంది’ అని మందులు మానేసేవారు మన బస్తీల్లో ఇంకా ఉన్నారు. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ ఒక్కడే. ఇందులో ఏ విశ్వాసికీ సందేహం లేదు. తాను జబ్బుపడినప్పుడు తనకు స్వస్థత చేకూర్చేవాడు ఆ ప్రభువేనని హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) పలికిన విషయాన్ని దివ్య ఖుర్ఆన్ ‘అష్‌షుఅరా’ సూరాలో పేర్కొంది. అయితే అదే ఖుర్ఆన్ మన చేతులతో మనల్ని వినాశంలోకి నెట్టుకోవద్దని కూడా హెచ్చరించింది. వైద్యం చేయించుకోవచ్చా అని ఎడారి అరబ్బులు అడిగినప్పుడు, తప్పక చేయించుకోమనీ, ముసలితనానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు సృష్టించాడనీ మహాప్రవక్త (సల్లం) బోధించారు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని నేర్పిన ధర్మం మనది. మందు మింగడం ఒంటెను కట్టడమే.

ఇక్కడ మరొక విషయం గమనించాలి. వైద్యం చేయించుకోవాలన్నంత వరకే మనం చెప్పుకుంటాం. ఎవరిచేత చేయించుకోవాలన్న ప్రశ్న కూడా ప్రవక్త (సల్లం) జీవితంలో ఉంది. ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో ఒక సంఘటన నమోదైంది. గాయపడిన ఒక వ్యక్తికి వైద్యం చేయడానికి ఇద్దరిని పిలిపించారు. ప్రవక్త (సల్లం) వారిని చూసి, మీ ఇద్దరిలో వైద్యం ఎక్కువ తెలిసినవారెవరని అడిగారట. అంటే వైద్యులు ఇద్దరు ఎదురుగా ఉన్నా, వారిలో మెరుగైనవారి కోసం విచారించడం సున్నత్. వైద్యం తెలియకుండానే వైద్యానికి దిగినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని అబూదావూద్ హదీసు గ్రంథం తెలుపుతోంది. గోడల మీద ‘షుగరు శాశ్వతంగా నయం’ అని రాయించే వారి దగ్గరకు పరుగులు తీసే సోదరులు ఈ హదీసును ఒకసారి గుర్తు చేసుకోవాలి.

మన మతస్థుడే కావాలా?

ఎంతోమంది అడిగే ప్రశ్న ఇది. ఉపవాసం విరమించే విషయంలో నమ్మకస్థుడైన ముస్లిం వైద్యుని మాట వినాలని పూర్వపు ఫిఖ్హ్ గ్రంథాలలో కనిపిస్తుంది. రోజా విలువ తెలిసినవాడు తేలికగా మానేయమనడు కదా అన్నది అందులోని ఉద్దేశం. నేటి పండితులు అనేకమంది నైపుణ్యం, నిజాయితీ ఉన్న వైద్యుడైతే మతంతో నిమిత్తం లేకుండా అతని సలహాను స్వీకరించవచ్చని చెబుతున్నారు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) గుండె నొప్పితో బాధపడినప్పుడు ప్రవక్త (సల్లం) స్వయంగా పరామర్శకు వెళ్లారు. ఆయన ఛాతీపై చేయి వేశారు. ఆ చేతి చల్లదనం తన గుండెకు తగిలిందని సఅద్ (రజి) చెప్పుకున్నారు. ఆ వెంటనే ప్రవక్త (సల్లం) ఆయన్ని సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా దగ్గరికి వెళ్లమన్నారు. కారణం, అతడు వైద్యం తెలిసినవాడు. హారిస్ ఇస్లాం స్వీకరించినట్టు ఆధారం లేదని పలువురు పండితుల అభిప్రాయం.

ఈ హదీసులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, తెలిసినవాని దగ్గరికే వెళ్లాలి. రెండవది, రోగి ఛాతీపై చేయి వేసి పలకరించాలి. మొదటి పాఠం వైద్య కళాశాలలో నేర్పుతారు. రెండవది మనసులో ఉండాలి. దీర్ఘవ్యాధి ఉన్నవానికి ఈ రెండూ కలిగిన వైద్యుడు కావాలి.

వినే వైద్యుణ్ణి గుర్తించడం ఎలా?

1984లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే వైద్యుడు అడ్డు తగులుతున్నాడని తేల్చింది. 2017లో ప్రచురితమైన మరొక పరిశీలన 67 దేశాల లెక్కలు తీసింది. వైద్యుడు ఒక్కొక్క రోగికి ఇచ్చే సమయం స్వీడన్‌లో సగటున 22 నిమిషాలకు పైనే ఉంటే, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు మాత్రమే. మన ఊళ్లలో క్లినిక్ ముందు టోకెన్ పట్టుకుని రెండు గంటలు కూర్చుని, లోపల రెండు నిమిషాలు గడిపి వచ్చేవారికి ఈ లెక్కలు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

రద్దీ ఉన్నమాట నిజమే. వందమందిని చూసే ప్రభుత్వ డాక్టరును నిందించడం న్యాయం కాదు. అయినా అదే రద్దీలో తల ఎత్తి మొహం చూసి మాట్లాడే డాక్టర్లున్నారు. వారిని గుర్తించడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. మధుమేహ రోగి అయితే, ఆ వైద్యుడు మిమ్మల్ని చెప్పులు విప్పమని పాదాలు చూశాడా? ఏడాదికోసారి కంటి వెనుక పొర పరీక్ష చేయించుకోమన్నాడా? మూత్రంలో ఆల్బుమిన్ పోతోందేమో చూపించమన్నాడా? మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎందుకో వివరించాడా? ఖరీదైన మందు కొనలేనంటే కోప్పడకుండా చవకగా దొరికే అదే మందు రాశాడా? మరొక డాక్టరును కూడా అడిగి వస్తానంటే మొహం ముడుచుకోకుండా ఉన్నాడా? పాదం మీద చిన్న పుండు నొప్పి తెలియకుండానే ముదిరి కాలు తీసేసే దాకా వెళ్లిన కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. చెప్పులు విప్పి చూడడానికి పట్టే ఒక్క నిమిషం విలువ ఆ ఇళ్లలో అడిగితే తెలుస్తుంది.

మనకు మరొక గీటురాయి కూడా ఉంది. అది రంజాన్. మీ వ్యాధి తెలిసిన డాక్టరు ‘మీరు రోజాలు ఉంటారా?’ అని తానుగా అడిగితే ఆయన్ని వదులుకోకండి. 2001లో 13 దేశాలలో 12 వేల మందికి పైగా మధుమేహ రోగులను పరిశీలించగా, రెండవ రకం మధుమేహం ఉన్న ముస్లిములలో నూటికి 79 మంది రంజాన్‌లో కనీసం 15 రోజులు ఉపవాసం ఉన్నట్టు తేలింది. చక్కెర ప్రమాదకరంగా పడిపోయే సంఘటనలు వారిలో మిగతా నెలలకంటే ఏడున్నర రెట్లు పెరిగాయి. అంటే డాక్టరు వద్దన్నా, అసలు అడగకపోయినా మనవాళ్లు రోజా ఉంటారు. ‘ఉండొద్దు’ అని ఒక్క మాటతో పంపేసే డాక్టరు ముందు రోగి తల ఊపుతాడు. ఇంటికి వచ్చి నియ్యత్ చేసుకుంటాడు. మాత్రల వేళలు తనకు తోచినట్టు మార్చుకుంటాడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఈ విషయంలో ప్రత్యేకంగా మార్గదర్శకాలు రూపొందించి 2021లో సవరించింది. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వైద్యుణ్ణి కలవాలి. ఎవరు ఉండవచ్చు, ఎవరు ఉండకూడదు అనేది ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి తేల్చాలి. సహరీకి, ఇఫ్తార్‌కు మందుల మోతాదు మార్చాలి. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలి. వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని పండితులు స్పష్టం చేశారు. ఆ భయంతో పరీక్ష మానేయడం తెలియనితనం. పంది నుంచి తీసిన ఇన్సులిన్ ఏమోనన్న అనుమానం కొందరిని ఇప్పటికీ పీడిస్తోంది. మానవ ఇన్సులిన్‌ను సూక్ష్మజీవుల ద్వారా తయారుచేయడం మొదలై దశాబ్దాలు గడిచాయి. అమెరికాలో దానికి 1982లోనే అనుమతి లభించింది. ఈ సందేహాలను నవ్వకుండా విని, తీర్చే వైద్యుడే మనకు కావలసిన వైద్యుడు.

వ్యాధిగ్రస్తులు ఆ రోజాలను మరో రోజుల్లో పూర్తి చేసుకోవచ్చని అల్లాహ్ ‘అల్‌బఖరా’ సూరాలో వెసులుబాటు ఇచ్చాడు. ఇక కోలుకునే ఆశ లేనివారు రోజుకొక పేదవానికి అన్నం పెట్టి ఫిద్‌యా చెల్లిస్తారు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును కాదనడం భక్తి అనిపించుకోదు.

ఇంటి ఇల్లాలి వ్యాధి

మన ఇళ్లలో స్త్రీల అనారోగ్యం అందరికంటే చివర్లో గుర్తుకొస్తుంది. పిల్లల ఫీజులు, మామగారి మందులు, ఇంటి అద్దె అన్నీ అయ్యాక ఏమైనా మిగిలితే ఆమె డాక్టరు దగ్గరికి వెళుతుంది. వెళ్లినా ఆమె బాధను భర్తో, కొడుకో చెబుతారు. ఆమె పక్కన మౌనంగా కూర్చుంటుంది. నెలసరి గురించి, మూత్రం మంట గురించి ఆ కుర్రవాని ముందు ఎలా చెప్పుకుంటుంది? డాక్టరుగారు ఆమెతోనే మాట్లాడాలి. మగ డాక్టరు పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ దగ్గర ఉండాలని కోరడం రోగి హక్కు. దీన్ని జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో పొందుపరిచారు. పర్దా కారణంగా వైద్యం వాయిదా వేయనక్కర్లేదు. కందక యుద్ధ సమయంలో రుఫైదా (రజి) అనే మహిళ గాయపడినవారికి సేవలందించారు. గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి) కోసం మస్జిదె నబవీలోనే గుడారం వేయించారు. స్త్రీలకు వైద్యంతో సంబంధం లేదనే సంప్రదాయం మనది కాదు.

మన వంతు బాధ్యత

మంచి వైద్యుడు దొరికితే సరిపోదు. మనం కూడా మంచి రోగులం కావాలి. మందులు మానేసి ‘వేసుకుంటున్నాను’ అనడం అబద్ధమే. దానివల్ల మోసపోయేది మన శరీరమే. హకీం గారిచ్చిన చూర్ణం వాడుతుంటే అది కూడా డాక్టరుకు చెప్పాలి. చీటీలు, పరీక్షల కాగితాలు తేదీలవారీగా ఒక సంచిలో ఉంచాలి. మన వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. అడగవలసిన ప్రశ్నలు రెండు, మూడు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లాలి. నెలకో డాక్టరును మారిస్తే ఏ ఒక్కరికీ మన చరిత్ర తెలియదు. డాక్టరుకు కోపం వస్తుందేమోనని సందేహం మింగేయకూడదు. తలకు గాయమైన ఒక వ్యక్తికి తెలియనివారు స్నానం తప్పదని చెప్పగా, అతడు స్నానం చేసి మరణించాడు. ఈ వార్త విని ప్రవక్త (సల్లం) తీవ్రంగా బాధపడ్డారు. అజ్ఞానమనే జబ్బుకు అడిగి తెలుసుకోవడమే మందు అని హితవు చెప్పారు.

వైద్య వృత్తిలో ఉన్న మన సోదర సోదరీమణులకు ఒక విన్నపం. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్‌లో దారుష్షిఫా కట్టించినప్పుడు, అందులో వైద్యంతోపాటు వైద్యవిద్యకూ చోటిచ్చాడు. రోగులకు ఉచితంగా చికిత్స జరిగేది. ఆ పేరుకు అర్థం స్వస్థత గృహం. ఈనాడు మన క్లినిక్కులు ఎన్ని పరికరాలతో మెరిసినా, రోగి అక్కడ తన మాట పూర్తి చేయలేకపోతే అది స్వస్థత గృహం కాదు. వారానికి ఒక పూట దీర్ఘవ్యాధులున్న పేదలకు కేటాయించండి. ఆ పూట గడియారం చూడకండి.

మస్జిదు కమిటీలకు కూడా ఒక సూచన. రంజాన్ నెలవంక కోసం ఎదురుచూసే ముందు, షాబాన్ నెలలో ఒక శుక్రవారం జుమా నమాజు తర్వాత స్థానిక డాక్టరును పిలిచి అరగంట మాట్లాడించండి. స్త్రీలకు వేరుగా ఏర్పాటు చేయండి. బస్తీలో ఏ దవాఖానాలో ఏ డాక్టరు ఓపికగా చూస్తారో పెద్దలకు తెలుసు. ఆ సమాచారం కొత్తగా జబ్బుపడినవారికి అందించడం కూడా పరామర్శే. రోగిని పరామర్శించడం ముస్లిముపై మరొక ముస్లిముకున్న హక్కు అని ప్రవక్త (సల్లం) తెలిపారు. పండ్లు తీసుకెళ్లి ఇచ్చి వచ్చేస్తే ఆ హక్కు పూర్తిగా తీరదు. మధుమేహ రోగికి ఆ పండ్లకంటే మంచి డాక్టరు చిరునామా మేలు.

ఏళ్ల తరబడి వ్యాధితో పరీక్షింపబడిన హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) సహనం మనకు ఆదర్శం. అయితే ఆయన తన బాధను తన ప్రభువుకు చెప్పుకున్నారు, మౌనంగా దాచుకోలేదు. మనం కూడా మన బాధను అల్లాహ్‌కు దువాలో చెప్పుకుందాం. దాసులలో వినేవారిని వెదికి వారికీ చెప్పుకుందాం. రోగులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థతను, వైద్యులకు దయగల హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.