ఊటీ ప్రయాణంలో మీకూ ఒక పూట

పిల్లల పరీక్షలు అయిపోగానే “ఎక్కడికైనా వెళ్దామమ్మా” అని గోల మొదలవుతుంది. ఈసారి ఊటీ అనుకున్నారా? సామర్లకోట ఉక్కపోత నుంచి దాదాపు 2,240 మీటర్ల ఎత్తుకన్నమాట! మన గోదావరి జిల్లాలు మదరాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, వేసవి రాగానే దొరలు ఆఫీసులతో సహా ఆ కొండెక్కేవారు. అక్కడి గోల్ఫ్ మైదానం, క్లబ్బులు, బొటానికల్ గార్డెన్ అన్నీ వాళ్ళ ఏర్పాట్లే. దొరసానులకు వంటవాళ్ళుండేవారు. మనకైతే కొండెక్కినా పొయ్యి వదలదు! అందుకే ముందే ఓ లెక్క వేసుకోండి.

మొదట టికెట్లు. రైలు రిజర్వేషను 60 రోజుల ముందు మొదలవుతుంది. కేరళ వైపు వెళ్ళే రైలెక్కితే అది కోయంబత్తూరులో ఆగుతుందో, పోదనూరు మీదుగా పోతుందో ఆనాడే చూసుకోండి. మేట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్ల కొండ రైలు 1908లో ఊటీ చేరింది. పళ్ళ పట్టా పట్టుకుని ఎక్కే ఈ బండికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. సీట్లు తక్కువ, ముందే చేయించుకోండి. కారులో వెళ్తే ఇ-పాస్ తీసుకోవాలి, 2024 మే నుంచి ఈ నిబంధన వచ్చింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో వికారం పుట్టేవాళ్ళకి అల్లం మురబ్బా దగ్గరుంచండి. నీలగిరుల్లో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం, స్టీలు సీసాలే పట్టుకెళ్ళండి.

రైల్లో మొదటి రోజుకి చింతపండు పులిహోర, పిల్లలకి కాకినాడ కాజాలు చాలు. “వంటగది ఉన్న కాటేజీ అయితే ఖర్చు కలిసొస్తుంది” అని మీవారు అనవచ్చు. ఆ ఎత్తులో నీళ్ళు సుమారు 92 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు లేకుండా కందిపప్పు ఉడికేసరికి మీ పూట కాస్తా గడిచిపోతుంది! దానికి బదులు ఒక రోజు తగ్గించుకుని, భోజనం దొరికే బసలో దిగండి.

గోల్ఫ్ మైదానం 18 గుంతలది, క్లబ్బువాళ్ళది. మీవారికి ఆడాలని ఉంటే అనుమతి ముందే అడిగించండి. పిల్లల్ని కూడా ఆ పూట ఆయనకే అప్పగించండి. మీరు బొటానికల్ గార్డెన్‌లో తీరిగ్గా కూర్చోండి. 1848లో మొదలైన తోట అది, చెట్లు చూస్తేనే ప్రాణం లేచొస్తుంది. ఈ పూటని “వీలుంటే చూద్దాం” అనకుండా కాగితం మీద రాసి అందరికీ చూపించండి.

బయల్దేరే ముందు కందిపొడి కొట్టి సీసాకెత్తండి. తిరిగొచ్చిన రోజు వేడన్నం, నెయ్యి, అప్పడం ఉంటే ఆ పూటా గడిచిపోతుంది.